కుక్కతోక పట్టుకుని గోదారి

మొన్నామధ్య ఆఫీసు కేంటీన్లో మా టీములో అమ్మాయి ఒకామె అడిగింది. "సార్, మా అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. ఒక కుక్కపిల్లని కొనిద్దామనుకుంటున్నా. ఆరోగ్యానికి మంచిదట కదా, ఎక్కడో చదివాను. మీ ఇంట్లో ఉంది కదా, నిజమేనా?" అని.

మామూలుగా ఇలాంటివాటికి అవుననో కాదనో ఒక ముక్క అనేసి టీ తాగేస్తాను. ఆ రోజు మాత్రం నోట్లోంచి మాట రాలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఉన్నది ఒకటే కుక్క, దాని చుట్టూ ఆడవాళ్ళు ఇద్దరు. ఒకరికి అది మందులా పనిచేసింది. ఇంకొకరికి అది కొన్నాళ్ళు రోగమై కూర్చుంది. రెండూ నా కళ్ళముందే జరిగాయి, రెండోది నాకు చాలా ఆలస్యంగా కనబడింది. కేంటీన్లో నిలబడి చెప్పే విషయం కాదు కనక తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

ముందు మా అమ్మ సంగతి.

మాది కొవ్వూరు. 2018 కార్తీకమాసంలో నాన్న పోయారు. ఆ తర్వాత మూణ్ణెల్లకి అమ్మని హైదరాబాదు తీసుకొచ్చేశాను, మియాపూరులో ఏడో అంతస్తు ఫ్లాటుకి. "ఒక్కదాన్నీ అక్కడ ఎందుకు, ఇక్కడైతే మేమంతా ఉంటాం కదా" అన్నాను. మేమంతా ఉంటాం అనే మాటకి అర్థం ఏమిటో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న తొమ్మిదికి నేనూ మా ఆవిడా చెరో కేబూ ఎక్కేసేవాళ్ళం, మా అమ్మాయి స్కూలు బస్సెక్కేసేది. సాయంత్రం ఏడింటికి అందరం వచ్చి చెరో స్క్రీన్ ముందేసుకుని కూర్చునేవాళ్ళం.

కొవ్వూర్లో అమ్మ ఎప్పుడూ "వాకింగ్" చేసిన పాపాన పోలేదు. కానీ పొద్దున్నే లేచి గోష్పాద రేవుదాకా వెళ్ళొచ్చేది. కూరలకి బజారుకి నడిచేది. సాయంత్రం గుడికి, అక్కణ్ణించి ఎవరో పిన్నిగారింటికి. ఆవిడ లెక్కలో అది నడక కాదు, పనిమీద వెళ్ళడం. హైదరాబాదులో కూరలు ఫోన్లో ఆర్డరిస్తే గుమ్మంలోకొస్తాయి. రేవు లేదు, పిన్నిగారూ లేరు. ఏడాది తిరక్కుండానే సుగరు పెరిగింది. 2019 ఎండాకాలంలో చేసిన పరీక్షలో మూడునెలల సగటు 8.9 వచ్చింది. డాక్టరుగారు నన్నొక చూపు చూసి, "రోజూ ఓ అరగంట నడిపించండి" అన్నారు.

ఇంజనీరుని కదా, వెంటనే సొల్యూషన్లు మొదలెట్టాను. మంచి బూట్లు కొన్నాను. చేతికో బ్యాండు పెట్టాను. ట్రెడ్‌మిల్ కూడా కొన్నాను. ఆ ట్రెడ్‌మిల్ ప్రస్తుతం మా ఇంట్లో ఏ పని చేస్తోందో మీరే ఊహించుకోగలరు, మీ ఇంట్లోదీ అదే పని చేస్తుంటుంది. తువ్వాళ్ళు బాగా ఆరతాయి.

"కిందకి దిగి నాలుగు రౌండ్లు కొట్టొచ్చుగా అమ్మా" అంటే, "పనీపాటా లేనిదాన్లా ఊరికే తిరగడమేవిట్రా, ఎవరన్నా చూస్తే ఏవనుకుంటారు?" అనేది. అప్పుడు విసుక్కున్నాను గానీ ఆ మాటలోనే ఉంది అసలు సంగతంతా. నలభయ్యేళ్ళు ఇంటికోసం నడిచినావిడకి తనకోసం నడవడం చేతకాలేదు. గుమ్మం దాటాలంటే ఒక పని ఉండాలి, ఆ పని ఇంకెవరికోసమో అయ్యుండాలి. ఇది మా అమ్మ ఒక్కదాని జబ్బు కూడా కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ వాళ్ళ లెక్కలు 2024లో వచ్చాయి: 2022 నాటికి మనదేశంలో చాలినంత శరీరశ్రమ లేని పెద్దవాళ్ళు ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం. రోజంతా ఇంట్లో పనిచేస్తూనే ఉన్నామనుకునే ఆడవాళ్ళే ఎక్కువ ఉన్నారన్నమాట ఆ లెక్కలో.

2019 ఆగస్టు వానల్లో మా అమ్మాయి సెల్లార్లోంచి ఒక పిల్లని ఎత్తుకొచ్చింది. వీధికుక్క పిల్ల. మట్టిరంగు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలిపోయి ఉంది. ఇంట్లో పెద్ద గొడవ. "నేను దాని పని ఒక్కటి కూడా ముట్టుకోను, ముందే చెప్తున్నా" అంది మా ఆవిడ. అమ్మ అయితే పూజగది తలుపేసేసింది.

"వాకింగ్‌కి నీకు తోడుంటుందమ్మా" అన్నాను ఇద్దర్నీ ఒకేసారి ఒప్పిద్దామని.

"కుక్కతోక పట్టుకుని గోదారి ఈదమంటావా?" అంది అమ్మ.

పిల్లకి మా అమ్మాయి కోకో అని పేరు పెట్టింది. "కోకేవిటే, చీరా?" అని అమ్మ నవ్వింది. నాన్న పోయాక నాకు గుర్తున్నంతలో ఆవిడ పైకి వినబడేలా నవ్వడం అదే మొదటిసారి. ఆ పేరు ఆవిడ నోట్లో నలిగి నలిగి వారానికల్లా "కోకిల" అయింది. ఇప్పటికీ పశువుల డాక్టరు చీటీ మీద కోకో, ఇంట్లో కోకిల.

మొదటి వారం నేనే దాన్ని కిందకి తీసికెళ్ళాను. రెండోవారం నాకు పొద్దున్నే కాల్స్ వచ్చి పడ్డాయి. ఒకరోజు అది తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంటే అమ్మ చూసి చూసి, "పాపం నోరులేనిది, ఎంతసేపని ఆపుకుంటుంది" అని బెల్టు పట్టుకుని లిఫ్టెక్కింది. అంతే. ఆ రోజునించి పొద్దున అరగంట, సాయంత్రం ఇరవై నిమిషాలు. వానొస్తే గొడుగేసుకుని మరీ. బూట్లూ బ్యాండూ ట్రెడ్‌మిల్ చెయ్యలేని పని ఒక నోరులేనిది ఏడ్చి చేయించింది. ఎందుకంటే ఇప్పుడావిడ ఊరికే తిరగడం లేదు, పనిమీద వెళ్తోంది.

వారానికి 150 నిమిషాలు ఒక మాదిరి వేగంతో నడవాలని ఆరోగ్యసంస్థ సలహా. ఆవిడ 350 దాటించేసింది, నాకు తెలిసి ఒక్కరోజు కూడా లెక్కపెట్టుకోకుండా.

ఏడాది తిరిగాక సుగరు సగటు 7.4కి దిగింది. నేను ఎగిరి గంతేశాను. అయితే నిజం చెప్పాలి కదా, ఆ ఏడాదే డాక్టరుగారు ఒక మాత్ర కూడా మార్చారు. రెండు మార్పులు ఒకేసారి ప్రొడక్షన్లోకి తోసేసి, దేనివల్ల బాగుపడిందో చెప్పమంటే ఏం చెప్తాం? మన వృత్తిలో అలా చేస్తే కోడ్ రివ్యూలో నాలుగు తిడతారు.

పెద్ద పెద్ద పరిశోధనలకి కూడా ఇదే తంటా. స్వీడన్లో ప్రతి మనిషికీ ఒక నంబరుంటుంది, కుక్కల్ని కూడా రిజిస్టరు చేయించాలి. ఉప్సాలా యూనివర్సిటీ వాళ్ళు ఆ రెండు పట్టికల్నీ కలిపేశారు, మన భాషలో చెప్పాలంటే జాయిన్ కొట్టారన్నమాట. 40 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 34 లక్షలమందిని పన్నెండేళ్ళపాటు గమనించి 2017లో ఫలితం చెప్పారు. ఒంటరిగా ఉంటూ కుక్కని పెంచుకునేవాళ్ళలో, కుక్కలేని ఒంటరివాళ్ళతో పోలిస్తే, ఆ కాలంలో చనిపోయే అవకాశం 33 శాతం తక్కువట. 2019లో ఇలాంటి పది అధ్యయనాల్ని, మొత్తం 38 లక్షలమంది లెక్కల్ని, కలిపి చూస్తే 24 శాతం తక్కువని తేలింది.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ కుక్క ఉండటంవల్ల ఆరోగ్యంగా ఉన్నారా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే కుక్కని తెచ్చుకున్నారా? మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేనావిడ కుక్కని తెచ్చుకోదు కదా. ఈ అనుమానం నాది కాదు, పరిశోధకులే చెప్పారు. అమెరికాలో యాభై దాటిన ఆడవాళ్ళమీద సాగిన చాలా పెద్ద అధ్యయనమొకటుంది. అందులో లక్షన్నరమంది వివరాల్ని చూసి 2015లో ఒక పేపరు వచ్చింది. కుక్క ఉన్నవాళ్ళు వారానికి ఆ 150 నిమిషాలూ నడవడం కాస్త ఎక్కువే, రోజంతా కూర్చుండిపోవడం కాస్త తక్కువే. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళలో ఇది మరీ కనబడుతుంది. కానీ నడకతోబాటు మిగతా వ్యాయామమంతా కలిపి లెక్కేస్తే, కావలసినంత చేసేవాళ్ళు కుక్కలేనివాళ్ళలోనే ఎక్కువ తేలారు! అంటే కుక్క మనల్ని గుమ్మం దాటిస్తుంది, అంతవరకే. అదేమీ వజ్రకాయం ఇవ్వదు.

అయితే మా అమ్మకి కావలసింది ఆ గుమ్మం దాటడమే.

దాటాక ఏమైందంటే, ఆవిడకి మనుషులు దొరికారు. అప్పటిదాకా మా బ్లాకులో ఆవిడ ఎవరికీ తెలీదు. ఆర్నెల్లకల్లా "కోకో వాళ్ళ నానమ్మ" అయిపోయింది. మూడో అంతస్తు గుజరాతీ ఆవిడకి తెలుగు రాదు, మా అమ్మకి హిందీ రాదు. ఆవిడకో లాబ్రడార్ ఉంది. ఇద్దరూ రోజూ పావుగంట ఏం మాట్లాడుకునేవారో ఆ కుక్కలకే తెలియాలి. వాచ్‌మన్ పిల్లలకి ఎక్కాలు చెప్పడం మొదలెట్టింది. అపార్టుమెంటు అసోసియేషన్లో కుక్కల్ని లిఫ్టులో తీసుకురాకూడదని ఎవరో గొడవచేస్తే మీటింగుకి వెళ్ళి మరీ మాట్లాడింది. జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందనీ, అసోసియేషన్లు కుక్కల్ని నిషేధించకూడదనీ ఆవిడకి నేను చెప్పలేదు, ఆ గుజరాతీ ఆవిడ కొడుకు చెప్పాట్ట. కొవ్వూర్లో కూడా మా అమ్మ మీటింగులో లేచి నిలబడటం నేనెరగను.

ఇంతవరకూ చదివి "ఆహా, ఈ ఆదివారమే కుక్కని తెచ్చేద్దాం" అనుకుంటున్నారా? ఆగండి. ఇప్పుడు రెండో ఆవిడ కథ.

"దాని పని ఒక్కటి కూడా ముట్టుకోను" అంది కదా మా ఆవిడ. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. అందరం ఇంట్లోనే. ఇద్దరికీ ఆఫీసు పని ఒకటే, జీతాలు కూడా ఇంచుమించు ఒకటే. కానీ మూడుపూట్లా వంట ఆవిడ, పిల్ల ఆన్‌లైన్ క్లాసులు ఆవిడ, అమ్మ మందులు ఆవిడ. వీటికి తోడు కోకిల. పొద్దున్నే దానికి అన్నం గుడ్డు ఉడికించడం ఎవరు? సోఫామీద వెంట్రుకలు ఎవరు తియ్యాలి? యాంటీ రేబిస్ ఇంజక్షన్ తారీఖు ఎవరికి గుర్తుండాలి? దీపావళి టపాకాయలకి భయపడి హాల్లో పాడుచేస్తే ఎవరు తుడవాలి? మున్సిపాలిటీ లైసెన్సు? పురుగుల మందు? "కుక్క మనందరిదీ" అనేవాణ్ణి నేను. మనందరిదీ అన్న వస్తువు పని మన ఇళ్ళల్లో ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలీదా?

కేంద్రప్రభుత్వం వాళ్ళు మనుషుల కాలం ఎలా ఖర్చవుతోందో సర్వే చేస్తారు. 2024 లెక్క ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళ లెక్కండీ అది, చెయ్యనివాళ్ళు అందులో లేరు. మా ఇంటి 289కి కోకిల ఇంకో గంట కలిపింది. నడక అమ్మది, ముద్దు మా అమ్మాయిది, ఫోటోలు పెట్టడం నాది, చాకిరీ మా ఆవిడది.

ఆవిడకి నిద్ర పట్టేది కాదు. నడుం నెప్పి. చిన్నదానికీ పెద్దదానికీ కళ్ళలో నీళ్ళు. నేనేం చేశానో తెలుసా? నెట్లో చదివిన ఒక పరిశోధన వినిపించాను. అమెరికాలో 962 మంది ఆడవాళ్ళని అడిగి 2018లో రాసిన పేపరు అది: పక్కలో పడుకునే మనిషికన్నా కుక్కే నిద్ర తక్కువ పాడుచేస్తుందని, ధైర్యంగా హాయిగా కూడా ఉంటుందని వాళ్ళు చెప్పారట. "చూశావా, కోకిలని పక్కన పడుకోబెట్టుకో, నిద్ర పడుతుంది" అన్నాను జోకుగా.

ఆవిడ నవ్వలేదు. "అందులో ఆ కుక్కకి పొద్దున్నే అన్నం ఎవరు ఉడకేస్తారో రాశారా?" అంది.

జోకు బాగా పేలిందనుకున్నానే తప్ప, ఆ మాట అప్పటికి నా బుర్రకెక్కలేదు. ఎక్కడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

2021 డిసెంబరు. పొద్దున ఆరున్నర, ఇంకా మంచు పూర్తిగా విడలేదు. కోకిలకి పిల్లి కనబడింది. అమ్మ బెల్టుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది, కాళ్ళకి హవాయి చెప్పులు. (ఆ బూట్లు ట్రెడ్‌మిల్ కింద ఉన్నాయి.) ఒక్క లాగు లాగింది. అమ్మ బోర్లా పడింది. కుడిచేతి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. సిమెంటు కట్టు, ఆరువారాలు.

నేను ఆస్పత్రి బల్లమీద కూర్చుని ఫోన్లో వెతికాను, మన అలవాటు కదా. దీనిమీద కూడా పేపరుంది. అమెరికాలో 65 దాటినవాళ్ళు కుక్కని నడిపిస్తూ పడి ఎముకలు విరగ్గొట్టుకోవడం 2004లో 1,671 అయితే 2017కి 4,396 అయ్యిందట. ఆస్పత్రికొచ్చిన వాళ్ళలో నూటికి 78 మంది పైచిలుకు ఆడవాళ్ళే. ముట్లుడిగాక ఆడవాళ్ళకి ఎముకలు పలచబడతాయి, ఆ వయసులోనే "నడవండి, కుక్కని పెంచండి" అంటాం. విరిగేవాటిలో తుంటి ఎముక కూడా తక్కువేం కాదు. అమ్మది మణికట్టుతో పోయింది, అదృష్టం.

ఇంటికొచ్చాక ప్రకటించేశాను: కుక్కని ఎవరికైనా ఇచ్చేద్దాం. మా అమ్మాయి ఏడుపు. మా ఆవిడ ఏమీ అనలేదు. అమ్మ కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఒరేయ్, చెయ్యి విరిగితే గంటలో ఎక్స్‌రే తీయించావు. మీ నాన్న పోయాక ఇక్కడికొచ్చి ఆర్నెల్లు ఆ కిటికీ దగ్గర కూర్చున్నాను. అప్పుడు నాకేం విరిగిందో ఎవరన్నా చూశారా?"

నేను సుగరు 8.9 చూశాను. అది తప్ప ఇంకేమీ చూడలేదు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి "భోంచేశావా అమ్మా" అని అడిగి, జవాబు వినకుండానే లాప్‌టాప్ తెరిచేవాణ్ణి. ఆవిడ ఆర్నెల్లు ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదని నాకు తట్టనేలేదు.

కుక్క ఉండిపోయింది. కానీ ఆరువారాలు దాన్ని నడిపించేదెవరు? అమ్మ చేతికి కట్టు. మా ఆవిడకేసి చూశాను. ఆవిడ ఒకేమాట అంది: "నేనైతే చెయ్యను. నన్నడక్కండి." అలా గట్టిగా కాదనడం ఆవిడకి కూడా కొత్తే అనుకుంటా, చెప్పి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

సరే, నేనే మొదలెట్టాను. నడకొక్కటే కాదు, మొత్తం. రెండోవారం చివర కూర్చుని, కుక్కకి సంబంధించిన పనులన్నీ ఒక షీట్లో రాశాను. ఇరవై ఒక్కటి తేలాయి. నడక అందులో ఒకటి. మిగతా ఇరవైలో పందొమ్మిది అప్పటిదాకా మా ఆవిడ చేసేది. ఆ షీటు ఆవిడకి చూపిస్తే, "రెండు మర్చిపోయారు" అని కలిపింది.

ఆ షీటే ఇప్పటికీ నడుస్తోంది. అన్నం, స్నానం, డాక్టరు, ఇంజక్షన్లు, లైసెన్సు నావి. వెంట్రుకలు ఊడ్చడం, గిన్నెలు కడగడం మా అమ్మాయివి, పదిహేనేళ్ళొచ్చాయి, ఎత్తుకొచ్చింది తనే కదా. అమ్మది పొద్దుటి నడక మాత్రమే. అదీ కొన్ని షరతులమీద: మెడకి కాకుండా ఛాతీకి వేసే బెల్టు, దాన్ని చేతికి చుట్టుకోకూడదు, కాళ్ళకి బూట్లు, బాగా తెల్లవారాకే బయల్దేరాలి, వీధికుక్కలుండే వెనక గేటువైపు వెళ్ళకూడదు. కోకిలకి కూడా మూణ్ణెల్లు శిక్షణ ఇప్పించాం. ఇప్పుడు పిల్లిని చూస్తే ఆగి కూర్చుంటుంది, నాలుగుసార్లకి మూడుసార్లు.

ఇక మా ఆవిడకి కుక్కపని ఏమీ లేదు. ఆర్నెల్లు దానికేసి చూడను కూడా లేదు. తర్వాతొకరోజు రాత్రి భోజనాలయ్యాక తనే బెల్టు తీసింది. "కాసేపు తిప్పుకొస్తాను." నేనూ వస్తానన్నాను. "వద్దు" అంది.

అప్పట్నించి రాత్రిపూట ఇరవై నిమిషాలు కోకిలని ఆవిడే తిప్పుతుంది. ఫోను ఇంట్లో పెట్టేసి వెళ్తుంది. ఒకసారి అడిగాను, కుక్కంటేనే చిరాకుపడేదానివి కదా, ఏవిటిలా అని. "రోజు మొత్తంమీద నన్నెవరూ ఏదీ అడగని ఇరవై నిమిషాలు అవే" అంది. నడుం నెప్పి తగ్గిందా అంటే కొంత తగ్గింది, దానికి ఫిజియోథెరపీ కూడా చేయించాం, మళ్ళీ రెండు మార్పులు ఒకేసారి. నిద్ర మాత్రం పడుతోంది. కుక్క నా వైపే పడుకుంటోంది లెండి.

ఇదండీ నాకు తెలిసింది. కుక్క ఆడవాళ్ళ ఆరోగ్యానికి మంచిదా అని అడిగితే, ఏ కుక్క, ఏ జాతి అని కాదు చూడాల్సింది. దానివల్ల ఆవిడకి రోజులో కొంత సమయం కలిసొస్తుందా, ఉన్న సమయం ఖర్చవుతుందా అన్నది చూడాలి. మా అమ్మకి అది బయటికెళ్ళడానికి ఒక వంక ఇచ్చింది. మా ఆవిడకి అదే కుక్క ఇంట్లో ఇంకో పిల్లాడిలా తగులుకుంది. చాకిరీ తీసేసి నడక మిగిల్చాక ఆవిడకీ మేలే చేసింది. ఈ తేడా ఆ 33 శాతంలోనూ కనబడదు, 24 శాతంలోనూ కనబడదు. అవి సగటులు. ఇంట్లో ఎవరూ సగటు మనుషులు కాదు.

ఆ అమ్మాయికి నా జవాబు ఇది. కుక్కని కొనేముందు మీ అమ్మగారినే అడుగు, నీకు కుక్క కావాలా, నేను ఫోన్ చెయ్యడం కావాలా అని. రెండోదానికి బదులుగా మొదటిది పంపించకు, నేను ఇంచుమించు ఆ పనే చేశాను. ఆవిడకి కావాలంటే మాత్రం ఇప్పించు. దాని ఖర్చు, దాని డాక్టరు, ఆవిడకి ఒంట్లో బాగోనప్పుడు దాన్ని ఎవరు చూస్తారన్నది ముందే నువ్వు చూసుకో. ఆవిడ ఎముకల గట్టితనం ఓసారి పరీక్ష చేయించు. చిన్న కుక్కయితే మేలు, వీధిలోదైనా సరే. పది పన్నెండేళ్ళు బతుకుతుంది అది. దాని ముసలితనం, ఆవిడ ముసలితనం ఒకేసారి వస్తాయి. అది పోయినరోజు ఆవిడ పక్కన ఎవరుంటారో కూడా ఇప్పుడే ఆలోచించు.

నేను కూడా ఆలోచిస్తున్నాను. కోకిల మూతిమీద తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి.

క్రితంసారి నాన్న తద్దినానికి కొవ్వూరు వెళ్ళినప్పుడు దాన్నీ కార్లో తీసికెళ్ళాం. రేవులో అమ్మ మెట్లమీద నిలబడింది. కోకిల నీళ్ళు చూసి ఒక్కక్షణం బెదిరి, మోకాళ్ళలోతు దిగింది. బెల్టు అమ్మ చేతిలో ఉంది, చుట్టుకోకుండానే పట్టుకుంది. సామెత గుర్తొచ్చి నేను నవ్వాను. ఆవిడకీ గుర్తొచ్చినట్టుంది.

"ఈదలేదులేరా" అంది. "రేవుదాకా మాత్రం తీసుకొచ్చింది."